పాగా తీయమని అడగని ఫోటో స్టూడియో, ఉల్సూరు

పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు తీసే ఒక చిన్న షాపు గురించి ఇంత పొడుగు రివ్యూ ఎందుకని అనుకోవద్దు. బెంగళూరులో వీసా ఫోటో కోసం తిరిగే సిక్కులకి, వాళ్ల స్నేహితులకి ఇది పనికొస్తుందనే రాస్తున్నాను. ఐదుకి ఐదు ఇస్తున్నాను.

ఫోటో తీయించుకుంది నేను కాదు, మా వాడు. ఇద్దరం ఒకే ఆఫీసు, ఒకే రూము. వాడు సిక్కు, కానీ పుట్టి పెరిగింది హైదరాబాద్‌లో, అత్తాపూర్ దగ్గర సిఖ్ ఛావనీలో. 1832 ప్రాంతంలో మహారాజా రంజిత్ సింగ్ నిజాం కోసం పంపిన సైన్యంతో దక్కన్‌కి వచ్చి అక్కడే స్థిరపడ్డ కుటుంబాలు వాళ్లవి. తెలుగు నాకంటే చక్కగా మాట్లాడతాడు. వాళ్ల అక్క కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో ఉంటుంది, ఈ మధ్యే పాప పుట్టింది. మేనమామ కదా, చూడటానికి వెళ్లాలని అమెరికా విజిటర్ వీసాకి అప్లై చేస్తున్నాడు. దానికే ఫోటో.

మొదట ఒక మాల్‌లో ఇన్‌స్టంట్ ఫోటోలు తీసే కౌంటర్‌కి వెళ్లాం, పేరు రాయను. కెమెరా దగ్గరున్న అబ్బాయి చూడగానే "సార్, క్యాప్ తీసేయండి" అన్నాడు. అది క్యాప్ కాదు, దస్తార్ (సిక్కుల పాగా) అని, తీయకూడదని మా వాడు నెమ్మదిగా చెప్పాడు. ఆ అబ్బాయికి నిజంగానే తెలియదు, వాడి మీద నాకేం కోపం లేదు. లోపల్నుంచి వచ్చిన పెద్దాయన మాత్రం "చెవులు కనపడాలి, జుట్టు కనపడాలి, రిజెక్ట్ అయితే మమ్మల్ని అడగొద్దు, తీస్తేనే ఫోటో" అని తేల్చేశాడు. వెనక క్యూ, అందరూ మమ్మల్నే చూస్తున్నారు. నాకు టెన్షన్ వచ్చి, "ఒక్క నిమిషమే కదరా, తీసేసి మళ్లీ కట్టుకో" అనేశాను.

వాడు నా వైపు తిరిగి, "ఒక్క నిమిషమే కదా అని నిన్ను ఇక్కడ చొక్కా, ప్యాంటు విప్పమంటే విప్పుతావా?" అన్నాడు. గొంతు పెంచలేదు. ఎనిమిదేళ్ల స్నేహంలో వాడు నాతో అలా మాట్లాడటం అదే మొదటిసారి. నేను తీసేయమన్నందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను, వాడికి సారీ చెప్పాను, ఇక్కడ కూడా రాస్తున్నాను.

అసలు రూలు ఏమిటో ఆ రాత్రి కూర్చుని చదివాం. అమెరికా వీసా ఫోటోలో మతపరంగా రోజూ ధరించే తలపాగా ఉంచుకోవచ్చు. ముఖం మొత్తం కనపడాలి, ముఖం మీద నీడ పడకూడదు, అంతే. తీయాల్సింది కళ్లద్దాలు, 2016 నవంబరు నుంచి వాటికి అనుమతి లేదు. అంటే మా వాడిని ఆ రోజు కళ్లద్దాలు తీయమని ఎవరూ అనలేదు, తీయక్కర్లేని పాగా మాత్రం తీయమన్నారు.

మర్నాడు శనివారం హలసూరు (ఉల్సూరుకే ఇంకో పేరు) మెట్రో స్టేషన్‌లో దిగి మార్కెట్ వైపు నడుస్తుంటే ఈ స్టూడియో కనపడింది. మొదటి అంతస్తు, మెట్లు ఇరుకు, లిఫ్ట్ లేదు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తీసుకెళ్తే కొంచెం ఇబ్బందే. ఓనరు మదనపల్లె ఆయన, అరవై దాటి ఉంటాయి. మా వాడు గుమ్మంలోనే ఆగి, "అన్నా, పాగాతోనే ఫోటో తీస్తారా? తీయమంటే మాత్రం వెళ్లిపోతాం" అని తెలుగులో అడిగాడు. ఆయన తలెత్తి చూసి, "పాగా తీసి ఫోటో తీస్తే అది నీ ఫోటో ఎట్లయితాది నాయనా, రా కూచో" అన్నారు. మా వాడి భుజాలు కిందికి దిగడం నాకు కనపడింది. మాల్ నుంచి అంతసేపూ అలా బిగబట్టుకునే ఉన్నాడని అప్పటిదాకా నాకు తెలియలేదు.

ఇక పని విషయం. ఇక్కడే ఈయన చేయి తిరిగిన మనిషని అర్థమైంది. మా వాడు ఆ రోజు లేత క్రీమ్ రంగు పాగా కట్టుకుని వచ్చాడు. వీసా ఫోటోకి వెనక తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ ఉండాలి కదా, రెండూ కలిసిపోయి తల ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. ఆయన ఒక ఫోటో తీసి స్క్రీన్ మీద చూపించి, "కంప్యూటర్‌లో అంచు గీసి ఇయ్యొచ్చు, కానీ అమెరికా వాళ్లు ఎడిటింగ్ ఒప్పుకోరు, ముదురు రంగుది ఉంటే తెచ్చుకో" అన్నారు. బ్యాగులో నేవీ బ్లూ ఉంది, వాళ్లమ్మ ఎప్పుడూ ఒకటి అదనంగా పెట్టి పంపుతుందట. మార్చుకోవడానికి లోపలి గది ఇచ్చి, అక్కడున్న గొడుగులు, స్టాండ్లు తనే పక్కకి జరిపి, అద్దం తుడిచి, బయట కర్టెన్ వేశారు.

పాగా కట్టడం నేనెప్పుడూ అంత దగ్గరగా చూడలేదు. ఐదారు మీటర్ల గుడ్డ అది. ముందు దాన్ని పొడుగ్గా లాగి సమంగా మడవాలి, దాన్ని పూనీ అంటారు, ఒక్కడే చేయడం కష్టం కాబట్టి రెండో కొస నేను పట్టుకున్నాను. గది చిన్నది, నేను కర్టెన్ బయటికి వచ్చేశాను, వాడు లోపల, మధ్యలో నీలం గుడ్డ. "గట్టిగా లాగరా, వదలకు" అంటున్నాడు. తర్వాత ఒక కొస పళ్ల మధ్య పట్టుకుని, ఒక్కో చుట్టూ కిందటి దాని మీద కొంచెం పైకి వచ్చేలా చుట్టుకుంటూ పోయాడు. పదిహేను నిమిషాలు పట్టింది. ఓనరు ఒక్కసారి కూడా గడియారం చూడలేదు, బయట ఇంకో కస్టమర్ తొందరపెడితే "కొంచెం ఆగు సామీ" అన్నారంతే.

రెండో సమస్య నీడ. పాగా అంచు నుదురు మీదికి వస్తుంది, పై నుంచి లైటు పడితే కనుబొమల దాకా నీడ. ఆయన లైట్లు రెండూ కళ్ల ఎత్తుకి దించి, ఒళ్లో తెల్లటి థర్మాకోల్ షీటు పట్టుకోమన్నారు. ఆ వెలుగు కింది నుంచి ముఖం మీదికి వచ్చి నుదురు తేటగా కనపడింది, గడ్డం కింద చీకటి కూడా పోయింది. నాలుగు తీసి, వాటిలో ఒకటి మమ్మల్నే ఎంచుకోమన్నారు. 2 అంగుళాలకి 2 అంగుళాలు ప్రింటు, అప్లికేషన్‌లో పెట్టడానికి 240 కేబీ లోపు చదరపు ఫైలు వేరే. పాగా మొత్తం ఫ్రేమ్‌లో పడుతూనే ముఖం చిన్నదైపోకుండా చూశారు. ఆరు ప్రింట్లు, ఫైలు కలిపి 200 రూపాయలు. మాల్‌లో దీనికి 350 చెప్పారు.

ప్రింటు వేస్తుండగా కరెంటు పోయింది. యూపీఎస్ లేదు, ఈ షాపులో నాకు నచ్చనిది ఇదొక్కటే, కనీసం ప్రింటర్‌కైనా పెట్టుకుంటే బాగుంటుంది. నలభై నిమిషాలు కూర్చున్నాం. ఆయన టీ తెప్పించి, "పాగాతో పోతే అక్కడ ఇబ్బంది పెడతారా నాయనా?" అని అడిగారు. మా వాడు మొదలుపెట్టాడు.

2001 సెప్టెంబరు 15న, న్యూయార్క్ దాడులు జరిగిన నాలుగో రోజున, అరిజోనాలోని మీసాలో బల్బీర్ సింగ్ సోధీ అనే ఆయన్ని తన పెట్రోల్ బంకు బయటే కాల్చి చంపారు. పాగా, గడ్డం చూసి వేరెవరో అనుకున్నారు. 2012 ఆగస్టు 5, ఆదివారం ఉదయం, విస్కాన్సిన్‌లోని ఓక్ క్రీక్ గురుద్వారాలోకి ఒక తెల్లజాతి ఉన్మాది తుపాకీతో వచ్చాడు. ఆ సమయానికి లోపల ఆడవాళ్లు లంగరుకి, అంటే గురుద్వారాలో అందరికీ ఉచితంగా పెట్టే భోజనానికి, వంట చేస్తున్నారు. ఆరుగురు చనిపోయారు, గాయపడి మంచంలోనే ఉండిపోయిన ఏడో ఆయన 2020లో పోయారు. సిక్కుల మీద జరిగే ద్వేష నేరాలను ఎఫ్‌బీఐ విడిగా లెక్కపెట్టడం మొదలైంది 2015లో. అప్పటిదాకా ఆ లెక్కల ఫారంలో వాళ్లకంటూ ఒక గడి కూడా లేదు. సిక్కు సంఘాలు ఏళ్ల తరబడి అడిగితే వచ్చిన గడి అది.

నేను కూచిభొట్ల శ్రీనివాస్ గురించి అన్నాను. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఓలేతాలో, ఇరాన్ వాడనుకుని కాల్చేశాడొకడు. ఆయన హైదరాబాద్ మనిషే. మన వాళ్లందరం అప్పుడు ఎంత వణికిపోయామో గుర్తుంది, అమెరికాలో పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఫోన్లు మోగాయి. "నీకు ఆ వారం తెలిసిన భయం మా అక్కావాళ్లకి 2001 నుంచీ ఉంది" అన్నాడు వాడు. ఓనరు ఏమీ మాట్లాడలేదు. వాళ్లబ్బాయి డాలస్‌లో ఉంటాడని తర్వాత చెప్పారు.

భయం ఒక్కటే చెప్పలేదు వాడు, పోరాడి సాధించుకున్నవీ చెప్పాడు. బ్రిటన్‌లో పాగా తీసి జుట్టు కత్తిరించుకుంటేనే చేర్చుకుంటామన్న స్కూలు మీద ఒక తండ్రి కోర్టుకెళ్తే, 1983లో హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పట్లో అక్కడి పై కోర్టు అదే) ఆయన వైపే తీర్పిచ్చింది. కెనడాలో 1990 నుంచి రాయల్ కెనడియన్ మౌంటెడ్ పోలీసులో పాగాతో డ్యూటీ చేయొచ్చు. అమెరికా సైన్యం పాగాకి వీలిస్తూ 2017లో రూలు మార్చింది. ఎయిర్‌పోర్ట్ తనిఖీలో మన పాగాని మనమే తడుముకుని చేతులు పరీక్షకి ఇవ్వొచ్చని, విప్పి చూడాలంటే విడిగా గదిలోకి తీసుకెళ్లమని అడగొచ్చని వాళ్లక్క ముందే వాట్సాప్‌లో పంపింది. ఇవన్నీ వాడికి నోటికి వచ్చు. మా ఇంట్లో ఎవరికైనా వీసా వస్తే పచ్చళ్లు, పొడులు ఎన్ని కిలోలు పట్టుకెళ్లొచ్చో చదువుతాం, వీళ్లింట్లో ఇవి చదువుకుంటారు.

అంత దూరం ఎందుకు, ఇదే బెంగళూరులో 2022 ఫిబ్రవరిలో, హిజాబ్ కేసులో, క్లాసుల్లో మతపరమైన దుస్తులు వద్దంటూ హైకోర్టు మధ్యంతర ఉత్తర్వు వచ్చిన రోజుల్లో, ఒక కాలేజీ పదిహేడేళ్ల సిక్కు అమ్మాయిని దస్తార్ తీసి రమ్మంది. ఆ అమ్మాయి తీయనంది, తండ్రి కాలేజీకి ఉత్తరం రాశారు. మోటారు వాహనాల చట్టంలో హెల్మెట్ గురించిన 129వ సెక్షన్ పాగా కట్టుకున్న సిక్కులకి మినహాయింపు ఇస్తుంది, రాజ్యాంగం 25వ అధికరణం వివరణలో సిక్కులు ధరించే కత్తి, కిర్పాన్ మాట ఉంది. పుస్తకంలో అంత స్పష్టంగా ఉన్నా, కౌంటర్ వెనక కూర్చున్న మనిషికి ఆ సంగతి తెలియకపోతే, లేదా తెలిసినా ఎందుకొచ్చిన గొడవ అనుకుంటే, ఇవతల నిలబడ్డవాడు ఆ క్యూలో అందరి ముందూ తన తల గురించి వాదించుకోవాలి. మాల్‌లో నేను చూసింది అదే. చూడటమే కాదు, అవతలి వాళ్ల వైపు ఒక మాట కూడా వేశాను.

కరెంటు వచ్చింది. ప్రింట్లు తీసి, అంచులు కత్తిరించి, స్కేలు పెట్టి కొలిచి ఇచ్చారు. రంగు సహజంగా ఉంది, ముఖాన్ని తెల్లగా చేయలేదు. డబ్బులిచ్చి లేస్తుంటే ఆయన కొంచెం మొహమాటంగా, "ఇదొక కాపీ కింద అద్దంలో పెట్టుకుంటా, నీకు అభ్యంతరం లేకపోతేనే. గురుద్వారాకి పోయేవాళ్లు చానామంది ఈ దారినే పోతారు, లోపలికొచ్చి అడిగే పని లేకుండా ఉంటాది" అన్నారు. మా వాడు వెంటనే సరేనన్నాడు.

అక్కడి నుంచి ఉల్సూరు చెరువు పక్కనున్న గురుద్వారాకి నడిచి, లంగరులో రోటీ, పప్పు తిని ఇంటికొచ్చాం. ఫోటో అప్లికేషన్‌లో మొదటిసారికే అప్‌లోడ్ అయింది, ఇంటర్వ్యూ ఇంకా కాలేదు. పోయిన వారం నా పాన్ కార్డు పని మీద మళ్లీ వెళ్తే, కింద మెట్ల పక్కన గాజు పెట్టెలో పెళ్లి జంటలకీ, బారసాల పిల్లలకీ మధ్య మా వాడు నీలం పాగాతో ఉన్నాడు.

సోమవారం సెలవు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మూసేస్తారు. ఫోన్‌పే ఉంది. బండి పెట్టుకోవడానికి చోటు లేదు, మెట్రోలో వెళ్లడమే నయం. లేత రంగు పాగా అయితే ముదురుది ఒకటి వెంట తీసుకెళ్లండి.