పదకొండేళ్లుగా మా ఇంట్లో సాన్సుయి టీయూ-717

సాన్సుయి అంటే మనలో చాలామందికి టీవీలే గుర్తొస్తాయి. ఇది అంతకు ముందు తరం సరుకు, 1970ల చివర్లో వచ్చిన ట్యూనర్, అంటే రేడియో స్టేషన్లు పట్టి ఆంప్లిఫైయర్‌కు అందించే పెట్టె. నల్లటి ముఖం, రెండు మీటర్లు, తిప్పుతుంటే బరువు తెలిసే నాబ్. రిమోట్ లేదు, మెమరీ లేదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను.

అంతకుముందు మా బావమరిది అమెరికా నుంచి తెచ్చిన డిజిటల్ ట్యూనర్ ఒకటి వాడాను. కంపెనీ పేరెందుకు లెండి. అందులో ఎఫ్ఎం 98.3 బ్రహ్మాండంగా వచ్చేది, రెయిన్‌బో 101.9 కూడా అంతే. నాకు కావాల్సిన వివిధ భారతి 102.8 మాత్రం 'స' పలికినప్పుడల్లా చిరిగిపోయేది. మూడు నెలలు యాంటెన్నాను తిట్టుకున్నాను. తీరా చూస్తే ట్యూనర్ 0.2 మెగాహెర్ట్జ్ చొప్పున దూకుతోంది: 102.7, ఆ వెంటనే 102.9. అమెరికాలో ఎఫ్ఎం స్టేషన్లన్నిటికీ చివరి అంకె బేసి, కాబట్టి వాళ్లకు అది చాలు. మీడియం వేవ్‌లోనూ వాళ్లు పదేసి కిలోహెర్ట్జ్‌లు జరుగుతారు, మనం తొమ్మిదేసి. ఆకాశవాణి హైదరాబాద్ 738 కావాలంటే 740 దగ్గర సరిపెట్టుకోవాలి. పైగా అది 120 వోల్టులది. దానికో ట్రాన్స్‌ఫార్మర్, దాని గుంయ్‌మనే మోత. డీ-ఎంఫసిస్, అంటే స్టేషన్ పెంచి పంపిన సన్నని స్వరాలను ట్యూనర్ మళ్లీ తగ్గించే లెక్క, అక్కడ 75 మైక్రోసెకన్లు, ఇక్కడ 50. అందుకే తాళాలు, వేణువు కాస్త మందంగా వినిపించేవి. కొన్ని ట్యూనర్లకు వెనక వీటన్నిటికీ స్విచ్ ఉంటుంది. దానికి లేదు.

ముల్లు ట్యూనర్‌తో ఆ దూకుళ్ల గొడవే ఉండదు. సాన్సుయిలో ఒక మీటరు సిగ్నల్ ఎంతుందో చెబుతుంది, రెండోది స్టేషన్ నడిమధ్యన ఉన్నామో లేదో చూపిస్తుంది. పాత తెలుగు పాట వస్తుంటే గొంతు ముందుకొచ్చి నిలబడుతుంది, ఫోన్ యాప్‌లో నాకు అది దొరకలేదు. వైడ్, నారో అని ఒక స్విచ్ కూడా ఉంది; పక్క స్టేషన్ చొరబడుతుంటే నారో, లేదంటే వైడ్. మన ఊళ్లో స్టేషన్లు ఎడంగానే ఉంటాయి కాబట్టి నేను ఎప్పుడూ వైడ్‌లోనే ఉంచుతాను.

జపాన్‌లో అమ్మకానికి చేసినవి చవగ్గా కనిపిస్తాయి, జాగ్రత్త. పాతవి 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ వరకే, కరెంటు 100 వోల్టులు. మన 91.1 కూడా అందదు.

నిజం చెప్పాలంటే ట్యూనర్ కన్నా ఎక్కువ తేడా యాంటెన్నాలోనే చూశాను. మాది మల్కాజిగిరిలో మూడో అంతస్తు. టీ ఆకారపు వైరు, చేతికి 75 సెంటీమీటర్లు, పుస్తకాల అర వెనక వేలాడదీసినంత కాలం స్టీరియోలో బుసే. మోనోలో పెడితే తగ్గేది. బాల్కనీలోకి మార్చి, డిష్ టీవీ వాళ్లు వదిలేసిన కేబుల్‌కు చిన్న బాలన్ (యాంటెన్నా వైరును కేబుల్‌కు పొసగేలా చేసే ముక్క) పెట్టి కలిపాను. ఎదురు అపార్ట్‌మెంట్ గోడ నుంచి తిరిగొచ్చే సిగ్నల్ వల్ల ఒక అడుగు అటూ ఇటూ అయినా శబ్దం మారిపోతుంది. ఒక ఆదివారమంతా దానికే సరిపోయింది. మీడియం వేవ్‌కు మాత్రం మందు దొరకలేదు. హాల్లో ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు ఆపితేనే వార్తలు వినపడతాయి.

మెమరీ లేదన్న లోటు మాకు పెద్దగా తెలియలేదు. డయల్ అద్దం మీద 102.8 దగ్గర మా అమ్మ ఎర్ర బొట్టుబిళ్ల అంటించింది. పొద్దున్నే ముల్లు అక్కడికి తెచ్చేది తనే.