అశోక్‌నగర్ గల్లీలో ఆంటీ మెస్: నా మాటగా ఒక రివ్యూ

బోర్డు కూడా లేని మెస్ ఇది. హైదరాబాద్‌లో చిక్కడపల్లి లైబ్రరీ నుంచి నడిచే దూరమే. ముందు తిండి సంగతి: పప్పుచారు చిక్కగా, వేడిగా ఉంటుంది, గోంగూర పచ్చడిలో కారం ఎక్కువే కానీ అన్నం ఎన్నిసార్లు అడిగినా విసుక్కోరు. ఒంటిగంటన్నర దాటితే కూర అయిపోతుంది, కాబట్టి తొందరగా వెళ్లండి. కూర్చోవడానికి చోటు తక్కువ.

అయితే ఈ రివ్యూ రాస్తున్నది కూర కోసం కాదు. నేను చదువుతున్న తెలంగాణ గ్రూప్-2 ఉద్యోగాల పరీక్ష (783 పోస్టులు) 2023 ఆగస్టులో అవ్వాల్సింది, వాయిదాల మీద వాయిదాలు పడి 2024 డిసెంబరులో జరిగింది. మధ్యలో నా దగ్గర డబ్బులు అయిపోయాయి, ఇంట్లో అడగలేను, ఆ టెన్షన్‌కి చదివింది ఎక్కేది కాదు. కొన్నాళ్లు మధ్యాహ్నం 5 రూపాయల భోజనంతో గడిపేసి, రాత్రి పస్తు పడుకున్నాను. మెస్‌కి రావడం ఎందుకు మానేశానో ఆంటీ ఎవరినో అడిగి తెలుసుకున్నారట. ఒక సాయంత్రం గల్లీలో ఆపి, "పైసలు యాడికి పోతయ్ బిడ్డా, తిని చదువుకో" అన్నారు.

నూట ఇరవై పేజీల లాంగ్ నోట్‌బుక్‌లో నా పేరు మీద నాలుగు నెలల లెక్క ఉంది. ఒక్కసారి కూడా అడగలేదు. ఉద్యోగం వచ్చాక మొత్తం పట్టుకెళ్తే, లెక్కపెట్టకుండానే డబ్బాలో వేసి, "తిన్నవా?" అని కంచం పెట్టారు.

ఆదివారం చికెన్ ఉంటుంది, పన్నెండున్నరకల్లా వెళ్లండి.