ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్‌తో నాకున్న పేచీ

క్లయింట్ల పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లకి కొన్నేళ్లుగా ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ మీదే కనెక్ట్ అవుతున్నాను. అంటే నా ల్యాప్‌టాప్‌లోని ఒక పోర్టుకి (లోకల్ పోర్టు) పంపింది ఎన్‌క్రిప్ట్ అయిన ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌లోంచి అవతలి సర్వర్‌కి చేరుతుంది. పోస్ట్‌గ్రెస్ వాడే 5432 పోర్టు బయటికి తెరవక్కర్లేదు, వీపీఎన్ కోసం ఎవర్నీ బతిమాలక్కర్లేదు. కీ ఉంటే చాలు, నిశ్చింత.

నా పేచీ అంతా ఒక్క సెట్టింగ్‌తోనే: ఎగ్జిట్‌ఆన్‌ఫార్వర్డ్‌ఫెయిల్యూర్. నేను వాడే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామ్ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో ఇది డీఫాల్టుగా 'నో'. అంటే మనం అడిగిన లోకల్ పోర్టు దొరక్కపోయినా అది ఆగదు. ఒక వార్నింగ్ పడేసి లాగిన్ మాత్రం చేసేస్తుంది.

ఇది ఎలా కొడుతుందో చెప్తాను. ఒక క్లయింటు ఇచ్చిన స్క్రిప్టుల్లో టెస్ట్ సర్వర్‌కీ ప్రొడక్షన్‌కీ (అసలు డేటా ఉన్న సర్వర్‌కీ) లోకల్ పోర్టు ఒకటే, 5433. ఓ శుక్రవారం సాయంత్రం ఫోన్: "నిన్నటి ఇన్‌వాయిస్‌లు రిపోర్టులో లేవండీ." ప్రొడక్షన్‌కి టన్నెల్ వేశాను. 'అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్' అనే లైను వచ్చిందట, దాని వెనకే సర్వర్ వెల్‌కమ్ మెసేజ్ స్క్రీన్ నిండా వచ్చి దాన్ని పైకి తోసేసింది. డేటాబేస్ చూడటానికి వాడే డీబీవర్‌లో గ్రీన్ టిక్. క్వెరీ వేస్తే నిజంగానే ఇన్‌వాయిస్‌లు లేవు! ఎందుకుంటాయి? పొద్దున వేసిన టెస్ట్ టన్నెల్ ఇంకా 5433ని పట్టుకునే ఉంది. డేటాబేస్ పేరు, యూజర్, పాస్‌వర్డ్ కూడా రెండు చోట్లా ఒకటే (అదింకో కథ). సర్వర్ అడ్రస్ ఏంటని క్వెరీలో అడిగినా లాభం లేదు. టన్నెల్ అవతలి చివర లోకల్‌హోస్ట్‌కే తగులుతుంది కాబట్టి రెండూ 127.0.0.1 అనే అంటాయి. బ్యాకప్ రీస్టోర్ మొదలుపెట్టేలోపు టెస్ట్‌లో మాత్రమే ఉండే ఒక డమ్మీ కస్టమర్ కంటబడ్డాడు కాబట్టి బతికిపోయాం.

ఇప్పుడు నా కాన్ఫిగ్‌లో ఆ సెట్టింగ్ 'యెస్'. పోర్టు దొరక్కపోతే అక్కడికక్కడే ఆగిపోతుంది. అలాగని మరీ భరోసా వద్దు. అది చూసేది పోర్టు తెరుచుకుందా లేదా అన్నంతవరకే. అవతల పోస్ట్‌గ్రెస్ పడిపోయి ఉన్నా టన్నెల్ హాయిగా లేస్తుంది.

నిశ్చింత అని పైన అన్నాను గానీ, ఎన్‌క్రిప్షన్ ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ దాకానే. అక్కణ్నుంచి వేరే మెషీన్‌లోని డేటాబేస్‌కి వెళ్తుంటే ఆ చివరి ముక్కకి ఎస్‌ఎస్‌ఎల్ (డేటాబేస్ కనెక్షన్‌కి సొంత ఎన్‌క్రిప్షన్) విడిగా పెట్టుకోవాలి. పోస్ట్‌గ్రెస్ కమాండ్‌లైన్ ప్రోగ్రామ్ పీఎస్‌క్యూఎల్‌లో ఎస్‌ఎస్‌ఎల్‌మోడ్ వెరిఫై-ఫుల్ చేసి, హోస్ట్‌కి సర్వర్ అసలు పేరు, హోస్ట్‌అడ్ర్‌కి (hostaddr) 127.0.0.1 ఇస్తే సర్టిఫికెట్‌లో పేరు సరిచూస్తుంది. ఆ శుక్రవారం ఇదే ఉండుంటే టెస్ట్ సర్వర్ అక్కడే దొరికిపోయేది. ల్యాప్‌టాప్ మూసి తెరిచాక చచ్చిన టన్నెల్‌తో టెన్షన్ పడకుండా సర్వర్‌అలైవ్‌ఇంటర్వెల్ 30 సెకన్లు పెట్టుకున్నాను; అంతసేపు అవతల్నుంచి చప్పుడు లేకపోతే సర్వర్ బతికుందా అని అడుగుతుంది. డీఫాల్టు సున్నా, అంటే అసలు చూడనే చూడదు.

ముగ్గురు నలుగురు క్లయింట్లు, ఒక్క ల్యాప్‌టాప్ ఉన్న నాకు ఇంతకంటే మంచిది కనబడలేదు. ఎవరు ఎప్పుడు ఏం చూశారో లెక్క చెప్పాల్సిన పెద్ద టీమ్‌లో పనికొస్తుందా అంటే మాత్రం, నాకు ఆ అవసరం ఇంకా రాలేదు.