ఏఐ పాటలకి 'తెలుగు టెంప్లేట్ల ప్యాక్' అమ్ముతున్నారు, కొనకండి

పోయిన నెల రీల్స్‌లో యాడ్ చూసి 799 రూపాయలు పెట్టి కొన్నాను. ఏఐ యాప్‌లో తెలుగు పాట చేసుకోవడానికి 50 టెంప్లేట్లట. లిరిక్స్ పేస్ట్ చేస్తే చాలన్నారు.

నాన్న షష్టిపూర్తికి పాట చేయాలని నా సరదా. పల్లవి నాలుగు లైన్లు, రెండు చరణాలు నేనే రాసుకున్నాను. వాటిని యాప్‌కి ఏ వరసలో ఇవ్వాలో తెలియక ఇందులో పడ్డాను. వచ్చింది 12 పేజీల పీడీఎఫ్. యాభైలోనూ ఒకటే ఇంగ్లీషు పాటల వరస: వర్స్ (కథ నడిపే భాగం), కోరస్ (తిరిగి తిరిగి వచ్చే భాగం), వర్స్, కోరస్, బ్రిడ్జ్ (మధ్యలో ట్యూను మారే చిన్న ముక్క), కోరస్. వర్స్ ఉన్నచోట పల్లవి అనీ కోరస్ ఉన్నచోట చరణం అనీ పేర్లు తగిలించారు, అంతే.

కొంప మునిగింది ఇక్కడే. మన పాటలో ముందు వచ్చేదీ, తిరిగి తిరిగి వచ్చేదీ పల్లవి. యాప్ ఏమో వర్స్ అనగానే గొంతు తగ్గించి కథ చెప్పినట్టు పాడుతుంది, కోరస్ రాగానే హోరెత్తిస్తుంది. నాన్న పేరున్న పల్లవి గొణిగినట్టు వచ్చి పోయింది. చరణం మాత్రం మూడుసార్లు మోగింది. పైగా ఒక టెంప్లేట్‌లో 'చరణం 1' అని బ్రాకెట్ లేకుండా ఉంటే అలాగే పెట్టాను, బ్రాకెట్ లేకపోతే యాప్ దాన్నీ పాడాల్సిన లైనే అనుకుంటుందని తెలియక. ఆ గొంతు ఎంతో శ్రావ్యంగా "చరణం ఒకటీ..." అని రాగం తీసింది! మా ఇంట్లో ఇప్పటికీ అదే జోకు.

నవ్వుకున్నాం సరే, పాట చేసిన ప్రతిసారీ యాప్ ప్లాన్‌లో ఇచ్చే క్రెడిట్లు పోతాయి కదా. నెల ప్లాన్ మూడు రోజుల్లో ఖాళీ. ప్యాక్ అమ్మినవాణ్ణి రిఫండ్ అడిగితే "డిజిటల్ ప్రొడక్ట్ అండీ, రిఫండ్ ఉండదు" అన్నాడు, మర్నాటికి బ్లాక్ చేశాడు. యూపీఐ రసీదు, స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. ఇంకా ఏమీ తేలలేదు. కొనేవాళ్లు ముందు ఒక్క టెంప్లేటైనా చూపించమనండి. చూపించడు.

చివరికి పని జరిగింది ఇలా. పల్లవి పైన కోరస్ అని, చరణం పైన వర్స్ అని, ఇంగ్లీషులోనే, స్క్వేర్ బ్రాకెట్లలో పెట్టాను. చరణం అయ్యాక పల్లవి మొదటి లైను మళ్లీ టైపు చేశాను, అదంతట అది వెనక్కి వెళ్లడం లేదు మరి. రెండో చరణం ట్యూనే మారిపోతుంటే లైన్లలో మాత్రలు (అక్షరాలు పలికే నిడివి) లెక్కపెట్టి చూశా. ఒక లైను మొదటి చరణం కంటే బాగా సాగింది. రెండు పదాలు తీసేస్తే దారిలో పడింది.

ఉచ్చారణ ఒక్కటే లొంగలేదు. "నాన్న కళ్లు" అని రాస్తే "నాన్న కల్లు" అని పాడుతుంది. షష్టిపూర్తి పీటల మీద అది వినిపిస్తే ఇంకేమైనా ఉందా? నాలుగుసార్లు మార్చి చూసి, విసిగిపోయి "నాన్న చూపు" అని రాసేశాను.