మిద్దె మీద సోలార్ వాటర్ హీటర్: తొమ్మిదేళ్ల వాడకం

2016లో బెంగళూరు రామమూర్తి నగర్‌లో ఇల్లు కట్టినప్పుడు మిద్దె మీద 200 లీటర్ల సోలార్ వాటర్ హీటర్ పెట్టించాం. ముచ్చటపడి పెట్టించామని చెప్పను. కొత్త ఇంటికి కరెంటు రావాలంటే అది ఉండాలన్నారు, పెట్టించాం. అనంతపురం పక్క ఊళ్లో కంపకట్టెలతో రాగి కాగులో నీళ్లు కాచిన మా అత్తకైతే అస్సలు నమ్మకం లేదు. "మంట లేకుండా కాగేవి అవేం నీళ్లే?" అంది.

మాది గాజు ట్యూబుల రకం. ఒక్కో ట్యూబుకు రెండు పొరల గాజు, మధ్యలో గాలి ఉండదు, లోపలి పొరకు ఎండను పీల్చే నల్లపూత. వేడెక్కిన నీళ్లు తేలికై పైనున్న ట్యాంకులోకి వాటంతట అవే ఎక్కుతాయి, చన్నీళ్లు కిందికి దిగుతాయి. మోటారు అక్కర్లేదు. జనవరిలో పొద్దున 15 డిగ్రీలున్నా, ముందురోజు ఎండ కాస్తే చాలు, నీళ్లు పొగలు కక్కుతాయి. ఇబ్బందల్లా జులై, ఆగస్టుల్లోనే. మూడు రోజులు ముసురు పట్టిందంటే గోరువెచ్చగా వస్తాయి, అప్పుడు ట్యాంకులోని కరెంటు కాయిల్ వేస్తాం. 200 లీటర్లను 30 డిగ్రీలు వేడెక్కించడానికి 7 యూనిట్లు కాలతాయి. మిగతా రోజుల్లో ఎండ ఎంత ఆదా చేస్తోందో ఆ లెక్క వేశాకే తెలిసింది. బిల్లులో మాకొచ్చిన సోలార్ రాయితీ మాత్రం నెలకు 50 రూపాయలు దాటలేదు, దాన్ని చూసి కొనకండి.

అసలు గొడవ పైపుది. పై బాత్రూంలో కొళాయి తిప్పగానే వేడినీళ్లు. కింది బాత్రూంలో బకెట్ చన్నీళ్లు పోతేగానీ రావు. అమ్మినాయన ఎండ గురించి అరగంట చెప్పాడు, పైపు దూరం గురించి ఒక్క ముక్క చెప్పలేదు. 2024 ఎండాకాలంలో బోరు ఎండిపోయి ట్యాంకర్ నీళ్లు కొన్నాం. ఆ బకెట్ పక్కకు పెట్టి బట్టలు నానబెడుతుంటే అత్త ఊరుకుంటుందా! "మా ఊళ్లో కాగు పక్కనే స్నానం" అంది. ఆమె మాటలో న్యాయముంది.

నాలుగో ఏడు పక్కింటి పిల్లల క్రికెట్ బంతి తగిలి ఒక ట్యూబు పగిలింది. ఒకటే కదా అనుకున్నాం. ట్యాంకులో నీళ్లన్నీ దాంట్లోంచే మిద్దె మీదికి పోయాయి. మధ్యాహ్నానికి ప్లంబర్ వచ్చాడు, మదనపల్లె అబ్బాయి. "ఇప్పుడు నీళ్లు వదలొద్దక్కా. ఖాళీ ట్యూబులు కాలిపోతున్నాయి, చన్నీళ్లు తగిలితే మిగతావీ పటపటా పగుల్తాయి. పొద్దు గూకినాక చూద్దాం" అన్నాడు. ఈ ఒక్క మాట ప్రతి ట్యాంకు మీదా రాసి పెట్టాలి.

బోరు నీళ్ల ఉప్పు మరో తలనొప్పి. మూడేళ్లు పట్టించుకోలేదు. విప్పి చూస్తే ట్యూబుల అడుగున తెల్లగా గట్టిపడి ఉంది. ఇప్పుడు ఏడాదికోసారి కడిగిస్తున్నాం. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోయే మెగ్నీషియం కడ్డీ ఒకటుంటుంది, దాన్నీ మార్పించాం. రాగి గొట్టాల ఫ్లాట్ ప్లేట్ రకానికి ఈ ఉప్పు ఇంకా చేటు, సన్న గొట్టాలు పూడుకుపోతాయి.

ఈ ఏడు ట్యాంకు పైరేకు ఉబ్బింది, రాత్రి వేడి తెల్లారేసరికి సగం ఉండడం లేదు. కొత్తది తీసుకోవాలి. మళ్లీ గాజు ట్యూబులే, కానీ ముందు ప్లంబర్‌తో కింది బాత్రూం పైపు సంగతి తేల్చుకున్నాకే.