పూనకం గురించి నోరు తెరిచి మాట్లాడుకునే చోటు: ఆరేళ్ల అనుభవం

మతం, మనస్తత్వశాస్త్రం, ఇప్పటి మన జీవితం, ఈ మూడింటినీ కలిపి చదివే ఒక చిన్న బృందంలో ఆరేళ్లుగా ఉన్నాను. చెన్నై అడయారులో ప్రతి నెలా రెండో శనివారం సాయంత్రం కలుస్తాం. కాలేజీ లెక్చరర్లు, రిటైరైన ఇద్దరు సైకియాట్రిస్టులు, రీసెర్చ్ చేసే పిల్లలు, నాలాంటి బ్యాంకు ఉద్యోగులు, అంతా కలిపి పాతికమందిమి. వారం ముందే ఇరవై ముప్పై పేజీలు పంపుతారు, చదువుకుని రావాలి. ఎలా ఉంటుందని చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను.

నేను చేరింది నా సొంత ప్రశ్న ఒకటి పట్టుకుని. వెంకటగిరి దగ్గర మా ఊళ్లో పోలేరమ్మ జాతరకి మా అమ్మకి పూనకం వచ్చేది. ఆఫీసులో ఆ మాటెత్తితే కొందరు హిస్టీరియా అనేవారు, కొందరు దండం పెట్టేవారు. నాకు రెండూ చాలలేదు.

చేరిన మూడో నెలలో అమెరికా మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1901-02లో ఎడిన్‌బరోలో ఇచ్చిన ఉపన్యాసాలు చదివాం. మతానుభవం దేన్నుంచి పుట్టిందో చెప్పేసి దాన్ని కొట్టిపారేయకండి, ఆ మనిషి బతుకులో అది ఏం చేసిందో చూడండి అంటాడాయన. ధైర్యం చేసి అమ్మ సంగతి చెప్పాను. ఒక డాక్టరు గారు పెన్ను పక్కన పెట్టి, "పూనకం దిగాక, మర్నాడు అమ్మగారు ఎలా ఉండేవారమ్మా?" అని అడిగారు.

అన్నేళ్లలో అలా అడిగినవాళ్లు లేరు. గుర్తు చేసుకుంటూ చెప్పాను. ఏడాది పొడుగునా "ఏయ్" అని పిలిచే నాన్న ఆ ఒక్క రాత్రి "తల్లీ" అంటూ చెంబుతో నీళ్లందించేవాడు. మర్నాడు అమ్మ పొద్దెక్కేదాకా పడుకునేది, ఎవరూ లేపేవారు కాదు. లేచాక ఒళ్లు నొప్పులుండేవి గానీ మొహం తేటగా ఉండేది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆ డాక్టరు గారే వివరించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా పదో కూర్పులో పూనకం కూడా ఉందట. కానీ దాన్ని రోగం అనాలంటే అది మనిషి ప్రమేయం లేకుండానో, ఇష్టం లేకుండానో రావాలి. పైగా మతపరంగా, ఆచారపరంగా నలుగురూ ఒప్పుకున్న సందర్భాలకు బయట రావాలి. జాతరలో వచ్చేది ఆ లెక్కలోకి రాదు. ఆ రాత్రి వేళచ్చేరి బస్సులో ఇంటికి వస్తూ అమ్మకి ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాను.

అన్ని సాయంత్రాలూ అలా ఉండవు. మనసు లోతుల్ని తవ్వి చూసే మనోవిశ్లేషణకి ఆద్యుడైన ఫ్రాయిడ్ మీద వరసగా మూడు నెలలు పెట్టారు, అంత అక్కర్లేదు. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త యూంగ్ మీద జరిగిన చర్చ మాత్రం ఇప్పటికీ గుర్తుంది. 1938లో ఆయన మన దక్షిణాది దాకా వచ్చి కూడా తిరువణ్ణామలై వెళ్లి రమణ మహర్షిని చూడలేదు. ఎందుకు వెళ్లలేదో తర్వాత తానే రాశాడు. అది భయమా, వినయమా, పొగరా అని రెండున్నర గంటలు వాదించుకున్నాం. పౌర్ణమికి పద్నాలుగు కిలోమీటర్లు గిరి ప్రదక్షిణ చేసొచ్చిన ఒక అబ్బాయి, నడకలో తన టెన్షన్ ఎక్కడ తగ్గిందో చెబుతుంటే పుస్తకాలు మూసి విన్నాం. ధ్యానం యాప్‌ల మీద పెట్టిన రోజు కూడా బాగుంది. నెలకింత కట్టి నేర్చుకునే ధ్యానంలో గురువు స్థానం ఎవరిది అన్న ప్రశ్న నన్నింకా వదల్లేదు.

లోపాలూ చెప్పాలి. చర్చంతా ఇంగ్లీషులోనే. "పూనకం" అనే మాటకి అక్కడ వాడే మాటలు సరిపోవు, మొహమాటం లేకుండా తెలుగు, తమిళ మాటలే వాడాలని ఎన్నిసార్లు అన్నా ఆ పూటకే ఒప్పుకుంటారు. చదివేవాటిలో యూరప్, అమెరికా వాళ్లదే పెద్ద వాటా. 1922లోనే కలకత్తాలో మనోవిశ్లేషణ సంఘం పెట్టి, ఫ్రాయిడ్‌తో ఉత్తరాల్లో విభేదించిన గిరీంద్రశేఖర్ బోస్‌ని చదవడానికి మాకు నాలుగేళ్లు పట్టింది. ఒకసారి ఒక స్వామీజీ గురించి మాట పెరిగి, ఒక పెద్దాయన ఒక విద్యార్థిని గట్టిగా కసిరారు. ఆ అమ్మాయి మళ్లీ రాలేదు. నిర్వాహకులు ఆమెకి ఫోన్ చేసి ఉండాల్సింది, చెయ్యలేదు. ఆ రోజు నేనూ నోరు మెదపలేదు, ఆ బాధ నాకుంది.

చేరాలనుకుంటే పేజీలు చదివే వెళ్లండి. నమ్మేవాళ్లయినా, నమ్మనివాళ్లయినా మీ ఇంట్లో జరిగిన సంగతి ఒకటి మనసులో పెట్టుకుని వెళ్లండి. వచ్చే నెల దిష్టి మీద చర్చ. ఈసారి అమ్మని కూడా తీసుకెళ్తున్నాను, ఆవిడ చెప్పేది నేను ఇంగ్లీషులో చెబుతానని ముందే అడిగి ఒప్పించాను.