లూసియానాలో ఒక్క చెరకు తోటే చూసే టైముంటే

హ్యూస్టన్ నుంచి న్యూ ఆర్లీన్స్ వెళ్లే మనవాళ్లు ఎక్కువమంది ఓక్ ఆలీ అనే పాత చెరకు తోటలో ఆ 28 ఓక్ చెట్ల మధ్య ఫొటోలు దిగి వచ్చేస్తారు. చెట్లు నిజంగానే అద్భుతం. కానీ చేతిలో ఒక్క పూటే ఉంటే విట్నీ అనే ఇంకో తోటకి వెళ్లండి. న్యూ ఆర్లీన్స్ నుంచి కారులో సుమారు గంట. సొంత కారో, టూర్ వ్యానో ఉండాల్సిందే.

ఇలాంటి తోటల్లో మామూలుగా ముందు దొర మేడ, ఆ తర్వాత ఓపికుంటే బానిసల ఇళ్లు. 2014లో మ్యూజియంగా తెరిచిన విట్నీలో కథంతా బానిసలదే. వాళ్లవి సైప్రస్ చెక్క ఇళ్లు. ఒక్కో ఇంటికి మధ్యలో అడ్డుగోడ, ఇటొక కుటుంబం, అటొక కుటుంబం, ఇద్దరికీ కలిపి ఒకటే పొగగొట్టం. లూసియానా తోటల్లో వారానికి మనిషికి కొలిచి ఇచ్చేది కాస్త మొక్కజొన్న, మూడు నాలుగు పౌండ్ల పంది మాంసం. కూరగాయలూ కోళ్లూ కావాలంటే దొర పని అయ్యాక చీకట్లోనో, ఆదివారమో పెంచుకోవాలి.

నేను ఎక్కువసేపు నిలబడిపోయింది చెరకు రసం కాచే ఇనప బాణళ్ల దగ్గర. ఒక్కోదాంట్లో మనిషి కూర్చోవచ్చు. అక్టోబరులో కోత మొదలైతే మిల్లు రాత్రీ పగలూ ఆగేది కాదు. నరికిన చెరకు నిలవుంటే పాడవుతుంది, చలికి గడ్డకట్టేలోపు పంటంతా ఆడేయాలి. మరిగే రసాన్ని పెద్ద గరిటెలతో ఒక బాణలి నుంచి ఇంకోదాంట్లోకి తోడాలి. అనకాపల్లి వైపు బెల్లం వండేచోట నిలబడ్డవాళ్లకి ఆ సెగ ఏంటో తెలుసు. ఇక్కడ దానికి తోడు నిద్రలేమి, కొరడా. చెరకు పండే ఆ ప్రాంతంలో పుట్టేవాళ్లకంటే చనిపోయేవాళ్లే ఎక్కువ. తగ్గిన మనుషుల్ని దొరలు మళ్లీ కొనుక్కునేవాళ్లు.

విట్నీ ఉన్న పారిష్‌లో (లూసియానాలో జిల్లా లాంటిది) చనిపోయిన 2,200 మంది బానిస పిల్లల పేర్లు చెక్కిన రాళ్లు కూడా ఇక్కడే ఉన్నాయి. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు ముందే కాస్త చెప్పి తీసుకెళ్లండి.

ఓక్ ఆలీని తీసిపారేయను. తిరిగి కట్టిన ఆరు బానిసల ఇళ్లు బాగా చూపించారు. 1846-47 చలికాలంలో పీకన్ (బాదం లాంటి పప్పు కాసే) చెట్లకి అంటుకట్టిన ఆంట్వాన్ అనే బానిస తోటమాలి కథ అక్కడిదే. లోపల కాటేజీలున్నాయి, పెళ్లిళ్లూ చేస్తారు. నాకైతే అక్కడ పడుకోబుద్ధి కాలేదు. న్యూ ఆర్లీన్స్‌లో హోటల్ తీసుకున్నాం, గది బానే ఉంది గానీ పార్కింగ్ బిల్లు చూసి కళ్లు తిరిగాయి. బుక్ చేసేముందే అడగండి.

విట్నీలో నడక చాలావరకు ఎండలోనే. టోపీ, నీళ్లు మర్చిపోవద్దు. శాకాహారులు పులిహోర కట్టుకెళ్తే హాయి.